కారుకు సముద్ర స్నానం

నిన్న పొద్దున మా అక్క నా ఫోనుకు ఒక వీడియో పంపింది. కారు అద్దంలో నుంచి తీసినది. ఒక పక్క సరుగుడు తోపులు, ఇంకో పక్క సముద్రం, మధ్యలో నున్నటి నల్ల రోడ్డు. నేను కుప్పంలో మా వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. ఒక చేతిలో తెడ్డు, ఒక చేతిలో ఫోను పెట్టుకుని ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ చూశాను. సంగటి అడుగంటింది. నలభై దాటిన మనిషిని, ఇంట్లో మాకూ ఒక చిన్న కారు ఉంది, అయినా కడుపులో పాత మంట లేచింది. మళ్ళీ అదే రోడ్డు, మళ్ళీ కారులో ఆమే.

అక్క అంటే సొంత అక్క కాదు, మా పెద్దమ్మ కూతురు. నాకంటే రెండు నెలలు ముందు పుట్టింది. ఆ రెండు నెలల పుణ్యానికి ఆమెను జీవితమంతా అక్కా అని పిలవాల్సి రావడం నా మొదటి కుళ్ళు. తర్వాత చాలా వచ్చాయి. ఆమె జడ నాకంటే పొడుగు. ఆమె గౌనుకు వెనక పెద్ద కుచ్చు ఉండేది. వాళ్ళది మదనపల్లె, మాది పుంగనూరు. మదనపల్లెలో చలి ఎక్కువని ఆమెకు ఎర్ర స్వెట్టరు కొన్నారు. మా ఊళ్ళో అంత చలి లేదని నాకు కొనలేదు. ఆ ఏడాది చలి కోసం నేను మొక్కని దేవుడు లేడు.

పెదనాయనకు మదనపల్లె మార్కెట్టులో టమోటా మండీ ఉండేది. మా నాయన పుంగనూరులో పాలు పోసేవాడు. సైకిలుకు రెండు పక్కలా పాల క్యాన్లు కట్టుకుని చీకటితోనే బయలుదేరేవాడు. గతుకు వచ్చినప్పుడల్లా క్యాన్ల మూతలు గలగలమనేవి. ఆ చప్పుడుకు వీధి చివరి ఇల్లు కూడా గిన్నె తీసుకుని బయటికి వచ్చేది. ఆయన చొక్కాకు పచ్చి పాల వాసన, పచ్చిగడ్డి వాసన కలిసి ఉండేవి. మనిషి మాత్రం నోరు విప్పడు. పాలు నీళ్ళగా ఉన్నాయని ఎవరన్నా అంటే కూడా తల ఊపి వచ్చేసేవాడు. ఇంట్లో మాటలన్నీ అమ్మవే.

నేను ఆరో తరగతి ముగించిన ఎండాకాలం టమోటాకు ధర లేచింది. మామూలుగా లేవలేదు. పుంగనూరులో పెళ్ళిళ్ళకు కూడా రసంలోకి చింతపండే వేశారు. అమ్మ పెద్దమ్మను చూసి వస్తానని మదనపల్లె బస్సు ఎక్కి, తిరిగి వచ్చేటప్పుడు ఒడిలో నాలుగు టమోటాలు బంగారం తెచ్చినట్టు పట్టుకుని వచ్చింది. ఆ నెల తిరక్కుండానే పెదనాయన తెల్ల కారు కొన్నాడు. ఎవరో వాడిన బండే. అయినా మా రెండు ఇళ్ళలోకి వచ్చిన మొదటి కారు అది.

దాన్ని మాకు చూపించడానికి పుంగనూరు తెచ్చారు. ముందర నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ, వెనక నల్ల తాడు, లోపల అద్దానికి దిష్టిబొమ్మ. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని పెద్దమ్మ ఏదీ వదల్లేదు. వీధి పిల్లలంతా మూగారు. మీద చెయ్యి పెట్టొద్దు, మరకలు పడతాయి అని పెద్దమ్మ అందరికీ చెప్పింది. అందరిలో నేనూ ఉన్నాను. అక్క కారు తలుపును తనే తెరిచి, తనే మూసి, ‘మా కారు’ అనే రెండు మాటలు ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగా అంది. ఆమె నీళ్ళు తాగడానికి లోపలికి పోయినప్పుడు నేను దొంగగా ముందు సీట్లోకి దూరి హారను నొక్కాను. అది అంత గట్టిగా అరుస్తుందని నాకు తెలియదు. కట్టేసిన దూడ పలుపు తెంపుకుని వీధిలో పడింది. అమ్మ నా వీపు మీద రెండు వేసింది. అక్క కిటికీలో నుంచి చూసి నవ్వింది.

సముద్రానికి పోవాలన్న మాట మొదట ఎత్తింది అవ్వ. అవ్వ అంటే మా అమ్మకూ పెద్దమ్మకూ అమ్మ. చచ్చేలోపు ఒక్కసారి సముద్ర స్నానం చేయాలని ఆమెకు చాలా ఏళ్ళ కోరిక. కారు వచ్చింది కాబట్టి ఇక ఆగలేదు. అయితే ఏ పొద్దంటే ఆ పొద్దు కాదు. సముద్రాన్ని ఊరికే ముట్టుకోకూడదు, అమాసకో పున్నానికో అయితేనే పుణ్యం, మిగతా దినాల్లో పాపం అంటుంది. అందుకని అమావాస్య చూసి పెట్టారు. మద్రాసు దాటినాక సముద్రం పక్కన కొత్తగా వేసిన రోడ్డు ఉంది. ఆ రోడ్డు మీది ఒక పల్లెలో పెదనాయన దగ్గర టమోటాలు కొనే వ్యాపారి ఇల్లు ఉంది. అక్కడ దిగాలని అనుకున్నారు.

కారులో డ్రైవరు, పెదనాయన ముందు. అవ్వ, పెద్దమ్మ, అమ్మ, అక్క, నేను వెనక. నాయన పొద్దున పాలు పిండి, పశువులను పక్కింటి వాళ్ళకు అప్పజెప్పి, మదనపల్లె నుంచి టమోటా లారీలో వస్తానన్నాడు. పెద్దమ్మ పులుసన్నం, నిప్పట్లు కట్టింది. అమ్మ ఊరిబిండి పచ్చడి నూరింది. కారంతా చింతపండు వాసన, కొత్తగా కుట్టించిన సీటు కవర్ల వాసన. మొగిలి ఘాటు దిగేటప్పుడు అక్క వాంతి చేసుకుంది. ఇక కిటికీ పక్క నాకిస్తారని సంతోషపడ్డాను. వాంతి వచ్చే పిల్లకే కిటికీ కావాలని పెద్దమ్మ ఆమెను అక్కడే ఉంచింది. వాంతి కూడా ఆమెకే కలిసొచ్చింది కదా అని నేను ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చున్నాను. ఎంత ప్రయత్నించినా నాకు కడుపు తిప్పలేదు.

వ్యాపారి ఇల్లు చేరేసరికి చీకటి పడింది. గాలిలో ఉప్పు, ఎండు చేపల వాసన. అవ్వ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుని, ఈ వాసనలో వీళ్ళకు అన్నం ఎట్లా దిగుతాదో అని ఆశ్చర్యపోయింది. తెల్లారే వేళకు నాయన లారీ దిగి వచ్చాడు. ఒళ్ళంతా టమోటా వాసన.

పొద్దున స్నానానికి బయలుదేరే ముందు చిక్కు వచ్చింది. వ్యాపారి, ఆయన భార్య, వాళ్ళ చిన్న పిల్లాడు కూడా వస్తామన్నారు. ఆతిథ్యం ఇచ్చిన వాళ్ళను వద్దనలేరు. వాళ్ళు కారులో ఎక్కారు. ఒకరి మీద ఒకరు సర్దుకున్నారు. చివరికి మిగిలింది నేను. పెద్దమ్మ నా వైపు చూసి, నీకు తోడు మీ నాయన ఉండాడు గదా అంది. అక్క మాత్రం దిగలేదు. అది వాళ్ళ కారు.

నేను ఆ ఇంటి అరుగు మీద కూలబడ్డాను. నాయన వ్యాపారిని అడిగి, గోడకు ఆనించిన ఆయన సైకిలు తీసుకున్నాడు. భుజం మీది తువ్వాలును మడతలు పెట్టి సీటు ముందు బారుకు చుట్టాడు. “రా పాపా, మనం సైకిల్లో పోదాం” అన్నాడు.

ఆ రోడ్డు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. ఒక పక్క తెల్లటి ఉప్పు మళ్ళు, అందులో కుప్పలు కుప్పలుగా ఉప్పు. ఇంకో పక్క సరుగుడు చెట్ల సందుల్లో నుంచి సముద్రం కనిపించి దాక్కునేది. రోడ్డు పక్కన ముంజలు అమ్మే ఆడమనిషి. ఎదురు గాలికి సైకిలు ముందుకు పోనంటుంటే నాయన సీటు మీద నుంచి లేచి తొక్కేవాడు. వీటన్నిటికంటే బాగా గుర్తున్నది మా ముందర పోతున్న తెల్ల కారు. వేగమంటే అవ్వకు భయం, మెల్లగా పోనియ్యమని డ్రైవరును సతాయిస్తూ ఉంది. అందువల్ల అది మాకు ఎంతో దూరం పోలేదు. అక్క వెనక సీటు మీద మోకాళ్ళ మీద నిలబడి, వెనక అద్దానికి ముఖం ఆనించి మమ్మల్నే చూస్తూ ఉంది. నన్ను వెక్కిరించడానికే చూస్తోందని నాకు తెలుసు. నేనూ కన్ను తిప్పకుండా చూశాను. ఆ కారు చక్రాలు ఊడిపోవాలని, అది రోడ్డు మధ్యలో ఆగిపోవాలని, అందరూ దిగి నెట్టాలని కోరుకున్నాను. నాయన దారి పొడుగునా ఏదో చెబుతూనే వచ్చాడు. ఆయన గడ్డం నా తలకు తగిలేది. మాట్లాడినప్పుడల్లా ఆయన రొమ్ము నా వీపుకు ఆని అదిరేది. ఒకచోట గట్టిగా నవ్వాడు కూడా.

సముద్రం దగ్గర అవ్వ మొదట కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. తర్వాత, ఇన్ని నీళ్ళు పెట్టుకుని వీళ్ళు ఒక్క మడి కూడా నాటలేదే అని బాధపడింది. సంకల్పం చెప్పుకుని, ముక్కు మూసుకుని మునిగింది. అందరూ మునిగారు. అప్పుడు పెదనాయనకు కారు గుర్తొచ్చింది.

మా వైపు బండి కొంటే చెరువు దగ్గరకు తోలుకుపోయి కడుగుతారు. ఎద్దయినా, ట్రాక్టరయినా అంతే. గంగమ్మ నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి తెస్తే ఇక దానికి ఏ కీడూ రాదని నమ్మకం. మామూలు చెరువు నీళ్ళకే అంత పుణ్యం ఉంటే, అమావాస్య నాటి సముద్రానికి ఎంత ఉంటుందో లెక్క వేసుకోవచ్చు. బండి ఇసుకలోకి దిగదని డ్రైవరు అన్నాడు. “బండి రాకపోతే నీళ్ళే బండి కాడికి వస్తాయి” అన్నాడు పెదనాయన. వ్యాపారి తన అరవ యాసలో, ఇంటి దగ్గర బావి ఉంది, అక్కడ మంచినీళ్ళతో కడుక్కుందాం, ఈ పని వద్దని బతిమాలాడు. అతిథికి శ్రమ ఎందుకని ఆయన మర్యాదకు అంటున్నాడనుకున్నారు మావాళ్ళు. ఆ మర్యాద అక్కర్లేదని చూపించడానికి ఇంకొంచెం గట్టిగా పోశారు.

పెద్దమ్మ బిందెతో, అమ్మ చెంబుతో, డ్రైవరు బకెట్టుతో పోశారు. మా నాయన కూడా పంచె ఎగగట్టి మోశాడు. అవ్వ తన చేతులతో బానెట్టు మీద పోసి పసుపు రాసింది. “కింద కూడా పోయండప్పా, ఎద్దుకు కడుపు కింద కడగమా” అని పెదనాయన వంగి చూపించాడు. తలుపులు తెరిచి కాళ్ళు పెట్టే చోట కూడా పోశారు. అక్క ఎగిరెగిరి పోసింది. రావే, నువ్వు కూడా పోయి అని ఆమే నన్ను పిలిచింది. నేను ఇసుకలో కూర్చుని గవ్వలు ఏరుతున్నట్టు నటించాను. నన్ను ఎక్కించుకోని బండికి నేను ఒక్క చుక్క కూడా పోయలేదు.

ఎండకు కారు ఆరి, మీద తెల్లటి చారలు పట్టాయి. ఆ పుణ్యం ఇల్లు చేరేదాకా ఎవరూ తుడవకూడదని అవ్వ చెప్పింది. ఒక క్యాను నిండా సముద్రపు నీళ్ళు కూడా తెచ్చుకున్నారు. దాన్ని పెద్దమ్మ దేవుడి మూల పెట్టుకుని, ప్రతి శుక్రవారం కారు మీద మామిడాకుతో చల్లింది.

వానాకాలం గడిచింది. కారు తలుపుల అంచులు ఎర్రబారాయి. తర్వాత పొక్కులు లేచాయి. ఒకరోజు అక్క స్కూలు దగ్గర కారు దిగబోతుంటే కాళ్ళ కింద రేకు విరిగి, పాదం రోడ్డు మీద ఆనింది. అదృష్టం, బండి ఆగి ఉంది. మదనపల్లెలో గగ్గోలు. ఇంత మంచి బండి ఇంత తొందరగా ఎట్లా కుళ్ళిపోయిందని ఎవరికీ అంతు పట్టలేదు. పెద్దమ్మకు పట్టింది. దిష్టి. ఎవరి దిష్టి అని వెతుక్కుంటే దారి సముద్రం దగ్గరకు పోయింది. అందరూ నీళ్ళు పోశారు. పోయనిది ఒక్క నేనే.

పెద్దమ్మ పుంగనూరు వచ్చింది. సంగటి తింది, మజ్జిగ తాగింది, మంచి మాటలు మాట్లాడింది. నేను వాకిట్లో నుంచి పోతుంటే వెనకే వంగి, నా కాలి కింది మట్టి తీసి చెంగున ముడి వేసుకుంది. దిష్టి పెట్టిన వాళ్ళ కాలి మట్టితో పాటు ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి నిప్పుల్లో వేస్తే దిష్టి పోతుంది. అమ్మ కిటికీలో నుంచి చూసింది.

“నా బిడ్డ కాలి మట్టి నీకు యాలక్కా?” అంది.

పెద్దమ్మ దాచలేదు. “దాని కండ్లు మంచివి కాదు. ఆ పొద్దు కారెనక ఎట్లా సూస్తా వచ్చిందో మేమంతా సూసినాం” అంది.

ఆ తర్వాత చాలా కాలం అక్కచెల్లెళ్ళకు మాటలు లేవు. అమ్మ వంట చేస్తూ ఏడ్చేది. నాకు అక్క లేకుండా పోయింది, ఎర్ర స్వెట్టరు వైపు చూడడానికి మదనపల్లె పోయే దారి కూడా పోయింది. నిజం చెప్పాలంటే, ఆ బాధలో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఇనుప కారును చూపుతో కుళ్ళబెట్టినదాన్ని. ఆ శక్తి ఇంకా ఉందో లేదోనని ఎదురింటి వాళ్ళ కొత్త టీవీని చాలా సేపు చూశాను. అది బ్రహ్మాండంగా ఆడింది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల చేతిరాతను చూశాను. ఆమె మళ్ళీ ఫస్టే వచ్చింది. బహుశా కార్ల మీదే పనిచేస్తుందేమో అనుకున్నాను.

పై తరగతిలో సైన్సు టీచరు రెండు గ్లాసుల్లో మేకులు వేసి చూపించింది. మంచినీళ్ళలోది కొంచెం ఎర్రబడింది. ఉప్పునీళ్ళలోది చూడగానే నాకు పెద్దమ్మ కారు తలుపు కనిపించింది. నేను సంతోషపడాలి. కానీ ముందు వచ్చింది నిరాశ. నా కంటికి ఏ శక్తీ లేదు. పైగా అందరూ కలిసి చేసిన పనిలో చెయ్యి పెట్టనిది నేనొక్కదాన్నే.

ఇంటికి పరుగెత్తి అమ్మకు చెప్పాను. ఇప్పుడే మదనపల్లె పోయి చెబుదామన్నాను. అమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది.

“చెప్పొద్దు పాపా” అంది. “మీ పెదనాయన సొంత చేతుల్తో పోసుకున్నాడని తెలిస్తే ఆ మనిషి తట్టుకోలేడు. మీ అవ్వ అసలు తట్టుకోలేదు. దిష్టి అనుకుంటే వాళ్ళకు కొంచెం నెమ్మది. మనకు పోయేదేముండాది.”

పోయేది నా పేరు అని నాకు అనిపించింది. అయినా చెప్పలేదు. కారును పాత ఇనుము వాళ్ళకు వేశారు. టమోటా ధర పడిపోయి పశువులు కూడా తినని ఏడాది, పెద్దమ్మ తనంతట తానే బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. అమ్మ సంగటి పెట్టి పక్కనే కూర్చుంది. కారు మాట ఇద్దరూ ఎత్తలేదు. ఆ రాకపోకలు ఇప్పటిదాకా సాగాయి. అవ్వ పోయింది, పెదనాయన పోయాడు. మా నాయన కూడా పోయాడు.

నిన్న సంగటి మాడు గీకుతుంటే అక్క ఫోను చేసింది. వీడియో చూశావా అని అడిగింది. చూశానన్నాను. బాగుందా అంది. బాగుందన్నాను. ఒళ్ళు మండుతోందని చెప్పలేదు.

“మేము దిగి నీళ్ళ కాడికి పోయినాం. కారు మాత్రం రోడ్డు మిందే ఉండాది” అంది. “ఉప్పు గాలికే తుప్పు పడతాదంట, డ్రైవరు దగ్గరికి తేనంటాడు.” అని ఆగిపోయింది. గాలి హోరు ఒక్కటే వినిపించింది. ఇన్నేళ్ళూ ఆమెకు తెలియదా, తెలిసీ ఊరుకుందా అని నేను అడగలేదు. ఆమె దిష్టి మాట ఎత్తలేదు.

“ఒకటి అడగాలని ఎప్పుడూ అనుకుంటాంటి” అంది. “ఆ పొద్దు నేను కారు అద్దంలో నుంచి మిమ్మల్నే సూస్తాంటి. నిన్ను ముందర కూర్చోబెట్టుకుని మీ నాయన ఏందో చెప్తానే ఉండె. నవ్వతా ఉండె. చిన్నాయన నవ్వింది నేను ఆ ఒక్క దినమే సూసినా. మా నాయన నన్ను ఎప్పుడూ అట్లా ఎత్తుకుని మాట్లాడింది లేదు. నాకు కారు దిగేసి మీ సైకిలెక్కాలని ఏడుపొచ్చింది. దారంతా ఏం చెప్పినాడు నీకు?”

నా చేతిలో గీకుతున్న గరిటె ఆగింది. అన్నేళ్ళుగా ఆమెను చూసి కుళ్ళుకున్నదాన్ని. నన్ను చూసి ఆమె కుళ్ళుకుందంటే, ఆ సంతోషాన్ని కాసేపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“అది మా నాయనకూ నాకూ మధ్య మాటక్కా. నీకు చెప్పేది కాదు” అన్నాను.

ఆమె చిన్నగా నవ్వి, సరేలేమ్మా అని ఫోను పెట్టేసింది.

మాడిన గిన్నె పక్కన పెట్టి వంటింట్లో కింద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. తువ్వాలు చుట్టిన బారు గుర్తుంది. నా తలకు గుచ్చుకున్న ఆయన గడ్డం గుర్తుంది. వీపుకు ఆని అదిరిన రొమ్ము, ఆ ఒక్క నవ్వు గుర్తున్నాయి. మాటలు మాత్రం ఒక్కటీ లేవు. ఆయన జన్మలో అంతసేపు మాట్లాడింది ఆ ఒక్క పొద్దే. నేను వినలేదు. కారు వైపు చూస్తూ ఉండిపోయాను.